టోనీ రాత్రి: ఎవరి గెలుపు ఖాయం, ఎక్కడ తారుమారు?

న్యూయార్క్‌లోని బెలాస్కో థియేటర్‌లో సుమారు వెయ్యి సీట్లుంటాయి. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ అనే కొత్త మ్యూజికల్ మొదలైనప్పుడు వాటిలో చాలా సీట్లు ఖాళీగానే ఉండేవి. తొలి వారాల వసూళ్లు మూడు లక్షల డాలర్ల చుట్టూ తిరిగాయి. బ్రాడ్‌వేలో కొత్త మ్యూజికల్‌కు వారం గడవడానికే ఆ డబ్బు చాలదు. క్రిస్మస్ వరకైనా ఉంటుందా అని నాటక వర్గాలు గుసగుసలాడుకున్నాయి. పేరున్న సినిమా ఆధారంగా తీసినది కాదు, తెలిసిన పాటలు లేవు, కథానాయకులు ఇద్దరూ పాతబడి మూలన పడేసిన రోబోలు, కథ జరిగేది సియోల్‌లో. టికెట్ కొనేవాడికి ఇదేమిటో ఒక్క ముక్కలో చెప్పడం కూడా కష్టం.

ఏడు నెలలు గడిచాయి. ఇప్పుడు అదే నాటకం 10 నామినేషన్లతో టోనీ అవార్డుల బరిలో ముందుంది. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పగా చెప్పగా హాలు నిండింది, వారం వసూళ్లు పది లక్షల డాలర్లు దాటాయి. భారత కాలమానం ప్రకారం 2025 జూన్ 9, సోమవారం ఉదయం 5.30కు న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో 78వ టోనీ వేడుక మొదలవుతుంది. వ్యాఖ్యాత సింథియా ఎరివో. మొత్తం 26 పోటీ విభాగాలు. సినిమాకు ఆస్కార్ ఎంతటిదో అమెరికా నాటకరంగానికి టోనీ అంతటిది. అయితే ఒక తేడా ఉంది. ఆస్కార్ నాటికి సినిమా చాలావరకు థియేటర్లు దాటిపోయి ఉంటుంది. టోనీ నాటికి నాటకం ఇంకా ఆడుతూనే ఉంటుంది. బహుమతి వస్తే మర్నాడు టికెట్ కౌంటరు దగ్గర వరుస పెరుగుతుంది. రాకపోతే కొన్ని నాటకాలకు మూసివేత నోటీసు వచ్చే రోజులివే.

అందుకే టోనీ అంచనా అంటే ఏ నాటకం బాగుందో చెప్పడం ఒక్కటే కాదు. ఓటు వేసేవాళ్లు ఎవరు, వాళ్లకు ఆ ఓటుతో పనేమిటి అన్నది ముందు తెలియాలి.

ఓటర్లు ఎవరు?

టోనీకి ఓటు హక్కు ఉన్నవాళ్లు సుమారు 840 మంది. నిర్మాతలు, థియేటర్ యజమానులు, నటీనటులు, దర్శకులు, రచయితలు, డిజైనర్లు, కొందరు విమర్శకులు ఇందులో ఉంటారు. వీళ్లతోపాటు అమెరికాలోని ఇతర నగరాల్లో పెద్ద పెద్ద హాళ్లు నడుపుతూ, బ్రాడ్‌వే నాటకాలను తమ ఊళ్లకు రప్పించుకునే వ్యాపారులు కూడా ఉంటారు. ఈ చివరి వర్గాన్ని అక్కడ ‘రోడ్ ఓటర్లు’ అంటారు. ఉత్తమ మ్యూజికల్ విభాగానికి వచ్చేసరికి వీళ్ల ఆలోచన వేరు. ఏ నాటకానికి టోనీ ముద్ర పడితే తమ ఊళ్లో రెండు మూడు వారాలు హాలు నిండుతుందో లెక్క వేసుకుంటారు.

మన దగ్గర పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతలు కొద్దిమందే. నాలుగైదు రోజుల్లో, ఒకే వేదిక మీద, ఒకే హాల్లో కూర్చుని అన్ని నాటకాలూ చూసి మార్కులు వేస్తారు. ఢిల్లీలో 2006 నుంచి జరుగుతున్న మహీంద్రా నాటక పురస్కారాలదీ దాదాపు అదే పద్ధతి: ఎంపికైన పది నాటకాలను వారంపాటు ఆడిస్తారు, జ్యూరీ చూసి తేలుస్తుంది. టోనీ అలా కాదు. ఏడాది పొడవునా ఎప్పుడో ఒకప్పుడు చూసిన నాటకాలను గుర్తు చేసుకుని ఓటు వేయాలి. ఒక విభాగంలో ఓటు వేయాలంటే అందులోని నాటకాలన్నీ చూసి ఉండాలన్నది నియమం. కానీ అక్టోబరులో చూసినదానికీ ఏప్రిల్‌లో చూసినదానికీ జ్ఞాపకంలో తేడా ఉంటుంది.

ఇంకో కీలకమైన సంగతి లెక్కింపు పద్ధతి. ప్రాధాన్య ఓట్లు లేవు, రెండో రౌండు లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే విజేతలు. మన శాసనసభ ఎన్నికల పద్ధతే ఇది. అయిదుగురు బరిలో ఉండి 800 ఓట్లు పోలైతే, ఓట్లు సమంగా చీలిన పక్షంలో 161 ఓట్లతో గెలవవచ్చు. ఎవరికెన్ని ఓట్లొచ్చాయో ఎప్పటికీ బయటపెట్టరు. కాబట్టి ఓట్ల చీలిక ఇక్కడ మామూలు మాట. ఎక్కువమందికి నచ్చినవాళ్ల ఓట్లు ఇద్దరి మధ్య పంచుకుపోతే మూడోవాళ్లు నెగ్గుతారు.

ఇక ముందస్తు సంకేతాల సంగతి. డ్రామా డెస్క్, ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ వంటి పురస్కారాలు టోనీకి ముందే వచ్చేస్తాయి. వాటిని ఎగ్జిట్ పోల్స్‌లాగే చూడాలి. 2024 జూన్ 1న వెలువడిన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీయేకు 350కి పైగా సీట్లు కట్టబెట్టాయి. జూన్ 4న లెక్క 293 దగ్గర ఆగింది. గాలి ఎటు వీస్తోందో చెప్పారు గానీ ఎంత వీస్తోందో చెప్పలేకపోయారు. ఆ ముందస్తు పురస్కారాల్లో ఓటు వేసేవాళ్లు ఎక్కువగా విమర్శకులు, పాత్రికేయులు. టోనీలో వాళ్ల సంఖ్య స్వల్పం.

పాత తారుమార్లు చెప్పే పాఠం

టోనీ చరిత్రలో తారుమారు అనగానే అందరూ తలుచుకునేది 2004. ఆ ఏడాది ‘వికెడ్’ గెలుపు ఖాయమనుకున్నారు. భారీ సెట్లు, భారీ వసూళ్లు, దేశమంతా తిరగగల సత్తా. దానికి పోటీగా తోలుబొమ్మలతో, పెద్దల హాస్యంతో వచ్చిన చిన్న నాటకం ‘అవెన్యూ క్యూ’. మనసు చెప్పినట్టు ఓటెయ్యండి అంటూ ఆ నాటక బృందం ఎన్నికల ప్రచారం తరహాలో ఓటర్ల దగ్గరకు వెళ్లింది. చివరకు ‘అవెన్యూ క్యూ’ గెలిచింది. ఆ తర్వాత అది దేశ పర్యటన మానేసి లాస్ వెగాస్‌లోని ఒకే హోటల్‌తో ఒప్పందం చేసుకోవడంతో రోడ్ ఓటర్లు గుర్రుమన్నారు. ఓడిన ‘వికెడ్’ మాత్రం ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆడుతూనే ఉంది.

2013లో లండన్‌లో ఆలివియర్ పురస్కారాలు ఏడింటిని ఊడ్చుకుని వచ్చిన ‘మటిల్డా’ న్యూయార్క్‌లో ‘కింకీ బూట్స్’ చేతిలో ఓడింది. 2015లో ‘ఫన్ హోమ్’, 2018లో ‘ది బ్యాండ్స్ విజిట్’, 2022లో ‘ఎ స్ట్రేంజ్ లూప్’, 2023లో ‘కింబర్లీ అకింబో’ గెలిచాయి. ఇవన్నీ చిన్న నాటకాలు. ఎదురుగా నిలబడ్డవి పెద్దవి. 2023లో ‘సమ్ లైక్ ఇట్ హాట్’కు 13 నామినేషన్లు వచ్చినా ఉత్తమ మ్యూజికల్ దక్కలేదు. నామినేషన్ల సంఖ్యనే నమ్ముకుంటే ఏమవుతుందో ఇంకా గట్టిగా చెప్పే ఉదాహరణలున్నాయి. 2011లో ‘ది స్కాట్స్‌బరో బాయ్స్’కు 12 నామినేషన్లు, ఒక్క బహుమతీ లేదు. కొవిడ్ వల్ల ఆలస్యమై 2021 సెప్టెంబరులో జరిగిన వేడుకలో ‘స్లేవ్ ప్లే’కూ అదే గతి: 12 నామినేషన్లు, సున్నా.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. గత పదేళ్లలో ‘చిన్న నాటకం గెలవడం’ అనేది తారుమారు కిందికి రావడం మానేసింది. అది దాదాపు ఆనవాయితీ అయింది. ఓటర్లలో కళాకారుల వర్గం కొత్త కథకు, సొంత సంగీతానికి మొగ్గు చూపుతోంది. ఈ ఏటి అంచనాకు అదే పునాది.

ఉత్తమ మ్యూజికల్: రోబోలా, హవానా సంగీతమా?

బరిలో అయిదు: ‘మేబీ హ్యాపీ ఎండింగ్’, ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’, ‘డెడ్ ఔట్‌లా’, ‘డెత్ బికమ్స్ హర్’, ‘ఆపరేషన్ మిన్స్‌మీట్’. మొదటి, రెండు, నాలుగు నాటకాలకు తలా పది నామినేషన్లు.

‘మేబీ హ్యాపీ ఎండింగ్’ను విల్ ఆరన్‌సన్, హ్యూ పార్క్ కలిసి రాశారు. 2016లో సియోల్‌లోని చిన్న థియేటర్‌లో కొరియన్ భాషలో మొదలైంది. 2020లో అట్లాంటాలో ఇంగ్లిష్‌లో ఆడింది. యజమానులు వదిలేసిన ఇద్దరు సహాయక రోబోలు, ఆలివర్, క్లేర్, మిణుగురులను చూడటానికి జెజు ద్వీపానికి బయలుదేరతారు. బ్యాటరీ తరిగిపోతున్న కొద్దీ ప్రేమ పెరుగుతుంది. మైకేల్ ఆర్డెన్ దర్శకత్వం. డ్రామా డెస్క్, ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ రెండూ ఉత్తమ మ్యూజికల్‌గా దీన్నే ఎంచుకున్నాయి. కొరియా పాప్ పాట, కొరియా సినిమా ప్రపంచాన్ని చుట్టేశాయి. కొరియా మ్యూజికల్‌కు బ్రాడ్‌వే శిఖరం అందే అవకాశం ఇదే మొదటిసారి.

దీన్ని ఓడించే శక్తి ఎవరికైనా ఉంటే అది ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’కే. 1990లలో క్యూబా రాజధాని హవానాలో మరుగునపడిన వృద్ధ సంగీత విద్వాంసులు కలిసి చేసిన ఆల్బమ్ వెనుక కథ ఇది. వాద్యబృందం వేదిక మీదే కూర్చుని వాయిస్తుంది. హాలు ఊగిపోతుంది. ఆ వాద్యకారులకు టోనీ ఇప్పటికే ప్రత్యేక గౌరవం ప్రకటించింది. రోడ్ ఓటర్లకు ఇది ఇట్టే నచ్చే సరుకు. కానీ పాటలు పాతవి, ప్రపంచానికి తెలిసినవి. కాబట్టి సంగీత రచన విభాగంలో దీనికి చోటు లేదు. సొంత సంగీతం ఉన్న నాటకానికే ఓటు వేస్తామనే రచయితలు, స్వరకర్తలు అవతలివైపు ఉంటారు.

‘డెత్ బికమ్స్ హర్’ 1992 నాటి హాలీవుడ్ సినిమాకు నాటక రూపం. నవ్వులు, గారడీలు, ఆడంబరం. ఊళ్లు తిరగడానికి చక్కగా సరిపోతుంది. అయినా ఇటీవలి ఆనవాయితీ దీనికి అనుకూలం కాదు. ‘డెడ్ ఔట్‌లా’ ఒక దొంగ శవం దశాబ్దాలపాటు ప్రదర్శన వస్తువుగా ఊళ్లు తిరిగిన నిజ కథ. ‘ఆపరేషన్ మిన్స్‌మీట్’ 1943లో బ్రిటిష్ గూఢచారులు ఒక శవం మీద దొంగ పత్రాలు పెట్టి హిట్లర్ సైన్యాన్ని మోసగించిన నిజ కథ. శవం చుట్టూ తిరిగే నాటకాలు ఒకే ఏడాది రెండు రావడం విచిత్రం. వాటిని మెచ్చే ఓటర్లు కూడా ఇంచుమించు ఒకే తరహా వాళ్లు, చిత్రమైన హాస్యం కోరేవాళ్లు. అంటే ఓట్లు చీలతాయి. ‘ఆపరేషన్ మిన్స్‌మీట్’ 2024లో లండన్‌లో ఆలివియర్ గెలిచింది. కానీ ‘మటిల్డా’ అనుభవం చూశాక లండన్ కిరీటాన్ని న్యూయార్క్‌లో పెట్టుబడిగా లెక్కించలేం.

అంచనా: ‘మేబీ హ్యాపీ ఎండింగ్’. తారుమారైతే ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’.

ఉత్తమ నాటకం: పులిట్జరా, నవ్వా?

పాటలు లేని నాటకాల విభాగంలో పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. బ్రాండన్ జేకబ్స్-జెన్‌కిన్స్ రాసిన ‘పర్పస్’ షికాగోలోని ఒక నల్లజాతి రాజకీయ కుటుంబం కథ. తండ్రి పౌరహక్కుల ఉద్యమ నేత, కొడుకు జైలుకెళ్లి వచ్చిన ప్రజాప్రతినిధి, భోజనాల బల్ల దగ్గర దాచిన నిజాలన్నీ బయటపడతాయి. రాజకీయ వారసత్వ కుటుంబాలను చూస్తూ పెరిగిన మన పాఠకులకు ఈ కథ కొత్తగా అనిపించదు. నామినేషన్లు వచ్చిన కొద్ది రోజులకే, మే మొదటి వారంలో, దీనికి 2025 పులిట్జర్ వచ్చింది. ఆ తర్వాత డ్రామా డెస్క్ కూడా.

ఎదురుగా కోల్ ఎస్కోలా రాసి నటించిన ‘ఓ, మేరీ!’. అబ్రహాం లింకన్ భార్యను తాగుబోతుగా, క్యాబరే గాయని కావాలని కలలు కనే మనిషిగా చూపించే పిచ్చి హాస్యం. చరిత్రతో దానికి ఏ సంబంధమూ లేదు, ఉందని అది చెప్పుకోదు కూడా. చిన్న హాలులో మొదలై 2024 జూలైలో బ్రాడ్‌వేకు వచ్చి, లైసియం థియేటర్ చరిత్రలో మొదటిసారి వారానికి పది లక్షల డాలర్ల వసూళ్లు రాబట్టింది. నాటకరంగంలో దీన్ని ఇష్టపడనివాళ్లు తక్కువ.

అయితే టోనీ ఓటరుకు ఒక అలవాటుంది. హాస్యానికి కడుపుబ్బ నవ్వుతాడు, ఓటు మాత్రం బరువైన నాటకానికి వేస్తాడు. నవ్వించే నాటకం ఇక్కడ గెలిచినదానికి చప్పున గుర్తొచ్చే ఉదాహరణ 2013 నాటి ‘వన్యా అండ్ సోనియా అండ్ మాషా అండ్ స్పైక్’. పైగా ‘ఓ, మేరీ!’ని మెచ్చేవాళ్లకు ఆ మెప్పు చూపించడానికి నటుడి విభాగంలో కోల్ ఎస్కోలా పేరు సిద్ధంగా ఉంది. అక్కడ ఆయనకు, ఇక్కడ ‘పర్పస్’కు అని ఓటు పంచుకునే వీలుంది.

‘జాన్ ప్రాక్టర్ ఈజ్ ది విలన్’ను కూడా తీసిపారేయలేం. జార్జియాలోని ఒక పల్లెటూరి బడిలో ఆర్థర్ మిల్లర్ ‘ది క్రూసిబుల్’ పాఠం చదువుతున్న ఆడపిల్లలు, అందులో నాయకుడు నిజంగా నాయకుడేనా అని అడగడం మొదలుపెడతారు. చివర్లో వచ్చింది కాబట్టి ఓటర్ల జ్ఞాపకంలో తాజాగా ఉంది. ఏడు నామినేషన్లున్నాయి. ఇరాన్ తరగతి గదిలో జరిగే ‘ఇంగ్లిష్’ 2023లోనే పులిట్జర్ పొందింది, కానీ బ్రాడ్‌వే ప్రదర్శనలు మార్చితో ముగిశాయి. ‘ది హిల్స్ ఆఫ్ కాలిఫోర్నియా’ డిసెంబరులోనే వెళ్లిపోయింది.

అంచనా: స్వల్ప తేడాతో ‘పర్పస్’. ‘ఓ, మేరీ!’ గెలిచినా ఎవరూ నోరు వెళ్లబెట్టరు.

ఈ ఏటి పెద్ద పోరు: ఆడ్రా, నికోల్

మ్యూజికల్‌లో ఉత్తమ నటి విభాగం గురించి న్యూయార్క్‌లో నడుస్తున్నంత వాదన ఇంకే విభాగం మీదా లేదు. ఒకవైపు ‘జిప్సీ’లో రోజ్ పాత్రధారి ఆడ్రా మెక్‌డొనాల్డ్. ఇప్పటికే ఆరు టోనీలు. నటనకు ఇన్ని టోనీలు ఇంకెవరికీ లేవు. నాలుగు నటనా విభాగాల్లోనూ గెలిచిన ఏకైక వ్యక్తి ఆమే. మరోవైపు ‘సన్‌సెట్ బులెవార్డ్’లో నార్మా డెస్మండ్‌గా నికోల్ షెర్జింగర్. పుస్సీక్యాట్ డాల్స్ పాప్ బృందంతో పేరొచ్చిన గాయని. ఇదే పాత్రకు లండన్‌లో 2024 ఆలివియర్ అందుకున్నారు.

పాత్రల చరిత్ర చూస్తే లెక్క ఇంకా రసవత్తరంగా ఉంటుంది. నార్మా పాత్రకు 1995లో గ్లెన్ క్లోజ్ టోనీ గెలిచారు. రోజ్ పాత్రకు ఏంజెలా లాన్స్‌బరీ, టైన్ డేలీ, ప్యాటీ లుపోన్ గెలిచారు. కానీ ఆ పాత్రను సృష్టించిన ఎథెల్ మెర్మన్ 1960లో ఓడిపోయారు. 2003లో బెర్నడెట్ పీటర్స్ కూడా ఓడారు. అంటే రోజ్ పాత్ర బహుమతికి హామీ కాదు.

ఆడ్రాకు ఉన్న పెద్ద అడ్డంకి ఆమె గతమే. ‘ఆరు ఉన్నాయిగా, ఏడోది దేనికి’ అనే ఓటరు తప్పక ఉంటాడు. నికోల్‌కు ఉన్న అడ్డంకి 2024 నవంబరులో సోషల్ మీడియాలో చేసిన ఒక వ్యాఖ్య. అమెరికా ఎన్నికల ఫలితాల వేళ ఆమె రాజకీయంగా ఎటున్నారన్న దుమారం రేగింది, ఆమె క్షమాపణ చెప్పుకున్నారు. నాటకరంగం అంత తొందరగా మరిచిపోయే లోకం కాదు. ఇద్దరి మధ్య ఓట్లు సగం సగం చీలితే ‘బూప్!’లో బెట్టీ బూప్‌గా అడుగుపెట్టిన కొత్త నటి జాస్మిన్ ఏమీ రోజర్స్ చాప కింద నీరులా రావచ్చు. డ్రామా డెస్క్ ఈసారి ఆడ్రాకు, జాస్మిన్‌కు కలిపి బహుమతి ఇచ్చింది.

అంచనా: వెంట్రుకవాసి తేడాతో నికోల్. నాటకం మొత్తాన్ని ఒక్క మనిషి చుట్టూ తిప్పిన ప్రదర్శన అది, కొత్త పేరుకు తలుపు తీయాలన్న ఉబలాటం ఓటర్లలో ఉంది. ఈ విభాగంలో ఎవరు గెలిచినా సగం హాలు ఆశ్చర్యపోతుంది.

పునఃప్రదర్శన మ్యూజికల్ బహుమతి కూడా ఈ రెండింటి మధ్యే. జేమీ లాయిడ్ దర్శకత్వంలో సెట్లు లేకుండా, నలుపు తెలుపులో, కెమెరాలతో వచ్చిన ‘సన్‌సెట్ బులెవార్డ్’ కొత్త చూపు. నాయకుడు పాట పాడుతూ థియేటర్ బయటి వీధిలో నడుస్తాడు, లోపల తెర మీద అది ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ‘జిప్సీ’ దర్శకుడు జార్జ్ సి. వుల్ఫ్‌కు నామినేషనే రాలేదు. ఆ లోటు చెప్పకనే చెబుతోంది: మొగ్గు ‘సన్‌సెట్’ వైపే.

తారలు, డబ్బు, ఖాళీ చేతులు

ఈ ఏడాది అసలు తారుమారు నామినేషన్ల రోజునే జరిగిపోయింది. డెంజెల్ వాషింగ్టన్, జేక్ జిలెన్‌హాల్ నటించిన ‘ఒథెల్లో’ మంచి సీట్ల టికెట్ ధర 2025లో 921 డాలర్లు. అంటే మన డబ్బుల్లో 75 వేలకు పైమాటే. దానికి ఒక్క నామినేషనూ రాలేదు. జార్జ్ క్లూనీ ‘గుడ్ నైట్, అండ్ గుడ్ లక్’ బ్రాడ్‌వేలో పాటలు లేని నాటకాల వసూళ్ల రికార్డులు బద్దలుకొట్టింది. టోనీకి ముందురోజు రాత్రి సీఎన్ఎన్‌లో ప్రత్యక్ష ప్రసారం కూడా అవుతోంది. అయినా ఉత్తమ నాటకం జాబితాలో దానికి చోటు లేదు. క్లూనీకి నటుడిగా నామినేషన్ వచ్చింది. కానీ అక్కడ కోల్ ఎస్కోలా గెలుపు ఈ రాత్రి ఖాయమనదగ్గ కొద్దిపాటి వాటిలో ఒకటి. ‘పర్పస్’ నుంచి ఇద్దరు నటులు, జాన్ మైకేల్ హిల్, హ్యారీ లెనిక్స్, ఒకే విభాగంలో ఉన్నారు. ఒకే ఇంటి ఓట్లు రెండుగా చీలడం ఎస్కోలాకు మరింత లాభం.

నాటకంలో ఉత్తమ నటిగా సేరా స్నూక్ పేరు దాదాపు రాసిపెట్టి ఉంది. ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’లో ఆమె ఒక్కరే 26 పాత్రలు వేస్తారు. మ్యూజికల్‌లో ఉత్తమ నటుడిగా రోబో ఆలివర్‌గా నటించిన డారెన్ క్రిస్ ముందున్నారు. 2024లో గెలిచిన జొనాథన్ గ్రాఫ్ ‘జస్ట్ ఇన్ టైమ్’తో వెంటే ఉన్నారు. ఇక్కడ ఒక చిక్కుంది. ‘మేబీ హ్యాపీ ఎండింగ్’లో నాటకాన్ని సగం మోసిన నటి హెలెన్ జె. షెన్‌కు నామినేషన్ రాలేదు. జంట నటనలో ఒకరినే గుర్తించారన్న బాధ కొందరు ఓటర్లను డారెన్ నుంచి దూరం చేస్తుందా, లేక నాటకం మీద ప్రేమనంతా ఆయన ఖాతాలో వేస్తుందా అన్నది చూడాలి. రెండోదే ఎక్కువ సంభవం.

సహాయ నటి విభాగంలో ‘పర్పస్’ నటి కారా యంగ్‌ది వరుసగా నాలుగో ఏడాది నామినేషన్. 2024లో గెలిచారు. ఈసారీ గెలిస్తే వరుసగా రెండోసారి అవుతుంది, ఆ అవకాశం బాగానే ఉంది.

మూతపడ్డ నాటకాల మధ్య పోటీ

విశ్లేషకులు అంతగా పట్టించుకోని విభాగం ఒకటుంది: నాటకాల పునఃప్రదర్శన. ‘యురేకా డే’, ‘అవర్ టౌన్’, ‘రోమియో + జూలియట్’, ‘ఎల్లో ఫేస్’. ఈ నాలుగూ ఫిబ్రవరి దాటకుండానే ముగిసిపోయాయి. ఇక్కడ గెలిచినా అమ్మడానికి ఒక్క టికెట్టూ లేదు. రోడ్ ఓటర్లకు లెక్కలు లేవు, నిర్మాతలకు పెద్ద ప్రచారం లేదు. వ్యాపారం లేని ఓటు ఎటు పడుతుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే తారుమారుకు అన్నిటికన్నా ఎక్కువ చోటున్నది ఇక్కడే.

‘యురేకా డే’ కాలిఫోర్నియాలోని ఒక ఉదారవాద బడిలో గవదబిళ్లలు సోకడంతో టీకాల మీద తల్లిదండ్రులు కొట్టుకునే కథ. రాసింది కొవిడ్‌కు ముందే. 2025లో టెక్సస్‌లో తట్టు వ్యాపించి, టీకాల మీద వాషింగ్టన్‌లో రాజకీయం ముదిరిన వేళ అది నిన్న రాసినట్టు ఉంది. డేవిడ్ హెన్రీ హ్వాంగ్ రాసిన ‘ఎల్లో ఫేస్’ ఆసియా మూలాలున్న పాత్రలను తెల్ల నటులు వేయడంపై రచయిత తన మీద తానే వేసుకున్న వ్యంగ్యం. 1988లో ‘ఎం. బటర్‌ఫ్లై’కి గెలిచిన రచయిత ఆయన. అంచనా: ‘యురేకా డే’. కానీ ఈ ఒక్క విభాగంలో పందెం కాయకపోవడమే మేలు.

మన వాళ్ల జాడ

దక్షిణాసియాకు టోనీతో ఉన్న చుట్టరికం చిన్నదే అయినా దాని నుంచి నేర్చుకోదగ్గది ఉంది. ఎ.ఆర్. రెహమాన్ సంగీతంతో లండన్ నుంచి వచ్చిన ‘బాంబే డ్రీమ్స్’ 2004లో బ్రాడ్‌వేలో ఆడింది. నృత్య దర్శకత్వానికి ఆంథనీ వాన్ లాస్ట్‌తో కలిసి ఫరా ఖాన్ నామినేషన్ పొందారు. ‘వికెడ్’ ఓడిన ఏడాదే అది. ‘బాంబే డ్రీమ్స్’ కూడా ఒట్టి చేతులతో వెళ్లింది.

పుదుచ్చేరి కుర్రాడి కథ ‘లైఫ్ ఆఫ్ పై’ది ఇంకా విచిత్రం. ఆ పాత్ర వేసిన శ్రీలంక నటుడు హిరన్ అబేసేకర 2022లో లండన్‌లో ఉత్తమ నటుడిగా ఆలివియర్ గెలిచారు. 2023లో అదే పాత్రతో న్యూయార్క్ వస్తే టోనీ నామినేషన్ కూడా దక్కలేదు. నాటకానికి మాత్రం సెట్లు, లైటింగ్, శబ్ద విభాగాల్లో మూడు టోనీలు వచ్చాయి. ఒక ఊరి న్యాయనిర్ణేతలు తలకెత్తుకున్న నటుడిని ఇంకో ఊరివాళ్లు చూసీ చూడనట్టు వదిలేయగలరు.

గెలిచాక ఏమవుతుంది?

2024–25 సీజన్‌లో బ్రాడ్‌వే వసూళ్లు 189 కోట్ల డాలర్లు, అప్పటివరకు అత్యధికం. అందులో పెద్ద వాటా తారలున్న నాటకాలది. కొత్త మ్యూజికల్స్ మాత్రం పెరిగిన ఖర్చుల కింద నలుగుతున్నాయి. కోట్ల డాలర్లు పెట్టి, వారం వారం లక్షల డాలర్లు ఖర్చు పెడుతూ, పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు ఎదురుచూడాలి. ఆ ఏళ్లు దొరకాలంటే ఉత్తమ మ్యూజికల్ అన్న మాట బోర్డు మీద ఉండటం చాలా పెద్ద ఆసరా.

అయితే ఆ ఆసరా కూడా శాశ్వతం కాదు. 2022లో ఆ బహుమతి గెలిచిన ‘ఎ స్ట్రేంజ్ లూప్’ ఏడు నెలల్లోనే, 2023 జనవరిలో ముగిసింది. ‘కింబర్లీ అకింబో’ గెలిచాక పది నెలలు ఆడింది. చిన్న నాటకాలను గెలిపించడం ఓటర్లకు అలవాటైంది గానీ, వాటిని నిలబెట్టే పని టికెట్ కొనే ప్రేక్షకుడిదే.

‘మేబీ హ్యాపీ ఎండింగ్’ ఆ పరీక్షలో సగం ఇప్పటికే నెగ్గింది. దానికి ప్రేక్షకులు ముందు వచ్చారు, బహుమతుల మాట తర్వాత వచ్చింది. సోమవారం తెల్లవారాక ఆ కిరీటం దాని తలమీద ఉంటే, మూసేస్తారనుకున్న నాటకాన్ని నోటి మాటతో బతికించుకున్న వాళ్లకు అది దక్కినట్టే. లేకపోయినా మంగళవారం సాయంత్రం బెలాస్కోలో ఆ ఇద్దరు రోబోలు మళ్లీ వేదిక ఎక్కుతారు. 2024 నవంబరులో ఆ మాత్రం ధీమాగా చెప్పినవాళ్లు లేరు.